ఎదురుగా కూర్చున్న పిల్లల అల్లిక

మా ముత్తాత పానకాలరాయుడు గారికి కొల్లూరు దగ్గర కృష్ణ లంకల్లో అరటితోటలు, రేవులో మూడు పడవలు ఉండేవి. మా తాత సీతారామయ్య గారు తాలూకా బోర్డులో కూర్చున్న మనిషి. ఆయన అరుగు ఎక్కే ముందు జనం చెప్పులు విడవడమే కాదు, గొంతు కూడా తగ్గించేవారు. మా నాన్నగారు వ్యాజ్యాలు నడిపారు. లంకల్లో సగాన్ని కృష్ణ కోసుకుపోయింది, మిగతా సగం వకీళ్ళకు పోయింది. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి మా చేతిలో మిగిలింది తెనాలిలో ఒక అద్దె ఇల్లు, తాతగారి టేకు కుర్చీ. ఎత్తైన వీపు, సింహం పంజాల్లాంటి చేతులు ఉన్న కుర్చీ. దాన్ని మాత్రం అమ్మనని అమ్మకు మాటిచ్చి, ఆడపిల్లల హైస్కూల్లో చేతిపనుల టీచరుగా చేరాను.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఈ కథలో ఆ కుర్చీకి పని ఉంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు సిలబస్ ఎవరైనా చెబుతారు. బదిలీలు, జీతాల సంగతి నేను రాయను. ఊలు అల్లికలో తప్పు దిద్దడం గురించి రాస్తాను. జీవితమంతా చేసిన పని అదే. అది నాకు పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ చెప్పలేను.

విప్పడం

తెనాలి ఎండల్లో ఊలు స్వెట్టర్లేంటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించేది. కానీ సిలబస్‌లో ఉంది, పరీక్ష ఉంది. చైనాతో యుద్ధం వచ్చినప్పుడైతే సరిహద్దులో జవాన్లకు స్వెట్టర్లు పంపాలని మా హెడ్‌మిస్ట్రెస్ గారు బడి మొత్తానికి సూదులు పట్టించారు. చెమట చేతికి ఊలు అంటుకుంటుంటే, మంచులో ఉన్నవాళ్ళ కోసం అల్లాం.

నేను తప్పు కనిపిస్తే విప్పేసే రకాన్ని. ఒక పదో తరగతి పిల్ల పదకొండు రోజులు అల్లి, వీపు భాగం మొత్తం పూర్తి చేసి తెచ్చింది. కింది నుంచి నాలుగో వరసలో ఒక కుట్టు తిరగబడి ఉంది. నేను సూది లాగేసి, దారం చివర పట్టుకుని, కూర్చున్న చోటే మొత్తం విప్పాను. ఆ పిల్ల నిలబడి చూస్తూనే ఉంది. అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గారు గదిలోకి వచ్చారు.

"ఏంటండీ ఇది?"

"తప్పుందండి."

"ఎక్కడ?"

"కింది నుంచి నాలుగో వరసలో."

"అక్కడ శత్రువు నాలుగో వరస లెక్కపెడతాడంటారా?"

"లెక్కపెట్టినా పెట్టకపోయినా తప్పు తప్పేనండి."

ఆవిడ నేల మీద కుప్పగా పడి ఉన్న దారాన్ని చూశారు. "ఒక కుట్టు తప్పు. మీరు విప్పింది తప్పును కాదు, పదకొండు రోజుల పనిని," అన్నారు. తర్వాత నా కుర్చీ వైపు చూసి, "బళ్ళో కుర్చీలు మీకు చాలడం లేదా టీచర్ గారూ? దీన్ని చూస్తే నేనే లేచి నిలబడాలనిపిస్తోంది," అని వెళ్ళిపోయారు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం చాలాకాలం ఉంది. కానీ ఆ పిల్ల మళ్ళీ సూది పట్టలేదు. ఆ స్వెట్టరు ఎవరికీ చేరలేదు. ఆవిడ చెప్పింది నిజమేనని లోపల తెలుసు గనుకనే కోపం అంతకాలం నిలిచింది.

ఆ తర్వాత నేను వేరే పద్ధతి పట్టుకున్నాను. అల్లికలో ప్రతి కుట్టూ తన కింది కుట్టు భుజం మీద నిలబడి ఉంటుంది. ఎక్కడో కింద తప్పుంటే దానికి సరిగ్గా పైన, సూది మీద ఉన్న ఒక్క కుట్టునే జారవిడవాలి. అది మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది, మధ్యలో నిచ్చెనలా అడ్డదారాలు మిగులుతాయి. తప్పు దగ్గర ఆపి, దాన్ని సరిగా తిప్పి, కొన కొక్కెంలా ఉండే క్రోషా సూదితో ఒక్కో మెట్టూ లాగుతూ పైకి తెచ్చి, మళ్ళీ సూది మీద కూర్చోబెట్టాలి. పక్క కుట్లకు తెలియకుండా అయిపోతుంది. ఈ పనిలో నా అంత తేలికగా చెయ్యి నడిచేవాళ్ళు మా ప్రాంతంలో ఇంకొకరు లేరని నేనే అనుకునేదాన్ని. ఇతరులూ అన్నారు.

కుర్చీ చుట్టూ

ఆ కుర్చీ నాతో పాటు బదిలీ అయ్యేది. తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో గార్డు పెట్టెలో వచ్చింది. కూలీ దాన్ని తల మీద పెట్టుకుని, "అమ్మగారూ, ఇందులో మిమ్మల్నే కూర్చోబెట్టి మోసినా ఇంత బరువుండదండి," అన్నాడు.

ఏ ఊళ్ళోనైనా చేతిపనుల గదిలో దాన్ని కిటికీకి వీపు ఆనించి వేయించేదాన్ని. వెలుతురు నా భుజాల మీదుగా అల్లిక మీద పడేది. మా కుటుంబాన్ని ఎరిగిన ఇళ్ళ పిల్లలు వచ్చి కుర్చీ చేతుల మీద వాలి, వెనక నిలబడి, నా చేతుల్లోకి చూస్తూ నేర్చుకునేవారు. మిగతావాళ్ళు ఎదురుగా చాప మీద కూర్చునేవారు. ఎవరెక్కడ ఉండాలో నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

వెనక నిలబడిన పిల్లలకు చెయ్యి త్వరగా తిరిగేది. చాప మీది వాళ్ళలో చాలామంది తడబడేవారు. ఊలు చిక్కుపడేది, కుట్లు మెలికలు పడేవి. నేను దానికి కారణం వెతకలేదు. నాకు తెలుసనుకున్నాను. కొన్ని ఇళ్ళల్లో చేతికి నేర్పు తరతరాలుగా వస్తుందని, కొన్ని ఇళ్ళల్లో రాదని. ఈ మాట పైకి కూడా అన్నాను, స్టాఫ్ రూములో, ఒకటికి పదిసార్లు.

నాంచారమ్మ

రేపల్లెలో పనిచేసేటప్పుడు, నిజాంపట్నం వైపు ఒక పల్లె నుంచి నాంచారమ్మ అనే అమ్మాయి వచ్చింది. ఎస్సెల్సీ పాసైంది. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. వాళ్ళ పల్లెకు కొత్తగా వచ్చిన బడిలో చేతిపనుల టీచరు కావాలి. పంచాయతీ వాళ్ళు ఆ చోటు ఈ అమ్మాయి కోసం ఒక్క సంవత్సరం ఆపుతామన్నారు. ప్రభుత్వం వారి చేతిపనుల పరీక్ష పాసు కావాలి.

"పాసైతే బడి బల్ల, లేకపోతే అమ్మ గంపండి," అంది నాంచారమ్మ, నవ్వుతూనే.

సెలవు రోజుల్లో మా ఇంటి వసారాలో నేర్పడానికి ఒప్పుకున్నాను. నేను కుర్చీలో, ఆ అమ్మాయి ఎదురుగా మెట్టు మీద. తెల్ల ఊలుకు చేపల వాసన పడుతుందని అక్కడ కూర్చోమన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ అమ్మాయి వచ్చే ముందు చేతులకు చింతపండు రుద్దుకుని, మా బావి దగ్గర మళ్ళీ కడుక్కుని, వేళ్ళు చాచి చూపించేది.

"వాసన చూడండి టీచర్ గారూ."

"అక్కర్లేదు. కూర్చో."

నేర్చుకోవడం మాత్రం చాప మీది ఏ పిల్లా నేర్చుకోనంత బాగా నేర్చుకుంది. వలలు అల్లే ఇల్లు గనుక అయి ఉంటుందనుకున్నాను. పరీక్షకు ఇంటి నుంచి తీసుకెళ్ళాల్సిన వస్తువుగా రెండేళ్ళ పిల్లకు తెల్ల స్వెట్టరు మొదలుపెట్టించాను. నడుము పట్టీ అయ్యి, పైకి మూడు వేళ్ళ ఎత్తు వచ్చేదాకా వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఒకరోజు బస్సు కుదుపుకు ఒక కుట్టు జారి నాలుగు వరసలు దిగింది. తెచ్చి చూపించింది. అది నా రాజ్యం. క్రోషాతో పైకి లాగి, సూది మీద కూర్చోబెట్టి ఇచ్చాను. మరుసటి వారం చూస్తే సరిగ్గా అక్కడే కుట్టు మెలికపడి ఉంది. అంటే కుట్టు రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసుకుంది. మళ్ళీ జారవిడిచాను, మళ్ళీ లాగాను. పై వారం మళ్ళీ మెలిక.

"ఏం చేస్తున్నావు ఇంటి దగ్గర?"

"ఏమీ లేదండి. మీరు ఇచ్చినట్టే అల్లుతున్నానండి."

అప్పుడు సూది మీదున్న కుట్లన్నిటినీ దగ్గరగా చూశాను. అన్నీ తిరగబడి కూర్చున్నాయి.

ఇది మీకు అర్థం కావాలి. సూది మీద కుట్టు గుర్రం మీద మనిషిలా కూర్చుంటుంది. ఒక కాలు సూదికి ముందు, ఒకటి వెనక. నా అల్లికలో ఎప్పుడూ కుడికాలే ముందుంటుంది. అలా ఉండాలనే నాకు నేర్పారు. నాంచారమ్మ సూది మీద ప్రతి కుట్టుకూ ఎడమకాలు ముందుంది. అలాంటి కుట్టును అల్లితే మెలికపడాలి. కానీ కిందంతా, నేను ముట్టుకోని చోటల్లా, ఒక్క మెలికా లేదు. నేను దిద్దిన చోటే మెలికలు. నేను లెక్క వేసుకున్నాను, కాగితం మీద బొమ్మ గీసుకున్నాను, తేలలేదు. ఉండకూడని విధంగా కూర్చున్న కుట్ల నుంచి ఉండాల్సిన అల్లిక ఎలా వస్తోంది?

తోచక, తిరగబడ్డవాటిని తిప్పడమే సరైన పని అనుకుని, వరస వరసంతా ఒక్కొక్క కుట్టూ తీసి కుడికాలు ముందుకు పెట్టి ఇచ్చాను. తర్వాతి వారానికి పసిపిల్ల ఛాతీ మీద అడ్డంగా గీత గీసినట్టు ఒక వరసంతా మెలికలు. ఆ గీతను విప్పి మళ్ళీ పెట్టాను. గీత అక్కడే మళ్ళీ వచ్చింది.

"నీ చెయ్యి బిగుసుకుపోతోంది. ఏకాగ్రత లేదు," అన్నాను.

"అంతేనేమోనండి," అంది నాంచారమ్మ. మొదటిసారి నవ్వకుండా అంది.

రోజులు దగ్గరపడ్డాయి. మెడ దగ్గర రెండు, చంక దగ్గర మూడు, ఛాతీ మీద ఆ గీత అలాగే ఉండగా స్వెట్టరు పూర్తయింది. ఆ అమ్మాయికి సామర్థ్యం లేదని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకోలేకపోయాను కూడా. ఎందుకంటే మిగతాదంతా నా కంటే బాగుంది.

బాపట్లలో

పరీక్ష బాపట్లలో జరిగింది. సహాయానికి నన్నూ పిలిచారు. పరీక్షించడానికి గుంటూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. సన్నగా, కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకుని ఉంటారు. హాల్లోనే కూర్చుని అల్లి చూపించే హాలు అల్లికలో ప్రతి అభ్యర్థి దగ్గరకూ వెళ్ళి, సూది మీది ఒక కుట్టును చటుక్కున తీసి కిందికి జార్చి, "సరిచెయ్యండి," అనడం ఆవిడ అలవాటు. సగంమంది అక్కడే ఏడుపు మొహం పెట్టారు. నాంచారమ్మ రెండు నిమిషాల్లో సరిచేసి, తర్వాతి వరస అల్లి చూపించింది. కుట్టు నున్నగా ఉంది.

ఆవిడ అభ్యర్థులు ఇంటి నుంచి తెచ్చిన వస్తువులు పరచిన బల్ల దగ్గరకు వచ్చి, నాంచారమ్మ స్వెట్టరును కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు.

"ఛాతీ మీద ఇదేంటమ్మా?"

ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి చూపించారు.

"ఇప్పుడే నా ఎదురుగా ఇంత బాగా దిద్దావు. మరి ఇక్కడ దిద్దిన ప్రతి చోటా తప్పే. ఇది నువ్వు అల్లిందేనా? ఎవరితోనైనా అల్లించి తెచ్చావా?"

"నేనే అల్లానండి."

"ఈ తప్పులు?"

"నావేనండి."

వేరేవాళ్ళు అల్లిన వస్తువు తెస్తే పరీక్ష రద్దు. ఆవిడ పెన్ను మూత తీశారు. నాంచారమ్మ తల దించుకుని తన వేళ్ళ వైపు చూసుకుంటోంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఏం చేసేదాన్నో తెలియదు. చూడకపోవడం వల్లే నోరు తెరిచాను.

"అవి నావండి," అన్నాను. "దిద్దింది నేను."

ఆవిడ కళ్ళజోడు మీదుగా చూశారు. "మీ విద్యార్థిని మీద అభిమానం ఉండొచ్చు. దానికోసం ఇలా చెప్పకూడదు టీచర్ గారూ. మీ చేతిపని గురించి విన్నాను. మీరు ఇలాంటి తప్పు చేస్తారంటే ఎవరు నమ్ముతారు?"

అది పొగడ్త. జీవితంలో నాకు దొరికిన పెద్ద పొగడ్త అదే, ఆ అమ్మాయిని ముంచడానికి దొరికింది. మా ఇంటివాళ్ళు అబద్ధం చెప్పారని అంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మాటే నన్ను కదిలించిందో, నాంచారమ్మ మొహమే కదిలించిందో ఈ రోజుకీ విడదీసి చెప్పలేను.

"చేసి చూపిస్తాను," అన్నాను.

నలభై మంది పిల్లలు అల్లడం ఆపి చూస్తుండగా నాంచారమ్మ చేతిలోని హాలు అల్లికను నేను తీసుకుని, ఒక కుట్టు జార్చి, క్రోషాతో లాగి, సూది మీద నా పద్ధతిలో పెట్టి ఇచ్చాను. "ఒక వరస అల్లమ్మా." అల్లింది. ఆ కుట్టు మెలికపడింది.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మాత్రం అల్లికను చూడటం లేదు. నాంచారమ్మ చేతులనే చూస్తున్నారు.

"ఇంకో వరస అల్లు," అన్నారు. తర్వాత, "ఆగు, ఆగు. నువ్వు కుడి సూది నుంచి ఎడమ సూదికి తీస్తున్నావు. అందరూ ఎడమ నుంచి కుడికి తీస్తారు. ఎడమచేతి వాటమా?"

"కాదండి. అన్నం, రాత అన్నీ కుడిచేత్తోనేనండి."

"మరి ఇలా ఎవరు నేర్పారు?"

"టీచర్ గారు ఇలాగే అల్లుతారండి. చూసి నేర్చుకున్నాను."

"ఎక్కడ కూర్చుని చూశావు?"

"ఎదురుగానండి."

ఆవిడ నవ్వలేదు. "అద్దంలో బొమ్మను చూసి నేర్చుకున్నట్టు నేర్చుకుంది ఈ పిల్ల. అంతా ఎదురు. ఎదురైనా సరైన అల్లికే, తేడా ఏమీ లేదు. కుట్టు రెండో కాలు ముందుకు వేసి కూర్చుంటుంది, అంతే. మీరు దాన్ని మీ వైపుకు తిప్పి పెట్టారు. తిప్పిందల్లా మెలికపడింది," అని నాంచారమ్మ వైపు తిరిగి, "నీకు తెలియలేదా?" అన్నారు.

"తెలిసిందండి. రెండుమూడు నేను మళ్ళీ తిప్పుకున్నానండి. టీచర్ గారు చూసి మళ్ళీ తిప్పారు. పెద్దవారు పెట్టింది కదా, అలాగే ఉండాలేమో అనుకున్నాను."

ఆవిడ పెన్నుతో కాగితం మీద ఏదో రాసి, నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకోలేకపోయారా?" అని అడిగారు. మామూలుగానే అడిగారు, వేరే అర్థం పెట్టి కాదు. వాసన సంగతి చెబుదామనుకున్నాను. చింతపండుతో కడిగిన వేళ్ళు గుర్తొచ్చాయి.

నాంచారమ్మ పాసైంది. వాళ్ళ పల్లె బళ్ళో చేరి, నాకు తెలిసినంతవరకు అక్కడే పనిచేసింది. పిల్లలందరినీ తన వెనకే నిలబెట్టి నేర్పుతుందని చెప్పారు.

తేలనిది

ఆ సాయంత్రం నా గదిలో అద్దం ముందు కూర్చుని అల్లాను. అద్దంలో ఉన్న మనిషి చేతులు నాంచారమ్మ చేతుల్లా ఆడాయి. నెలల తరబడి ఎదురుగా చూస్తూ నాకెందుకు తెలియలేదో అప్పుడు అర్థమైంది. ఎదురుగా ఉన్న మనిషి మనలాగే అల్లుతుంటే మనకు తేడాగా కనిపిస్తుంది. ఎదురు అల్లుతుంటే అద్దంలో మనమే కనిపించినట్టు ఉంటుంది. నాకు నేనే కనిపించాను గనుక తప్పు కనిపించలేదు.

నాకు అల్లిక నేర్పింది మిషన్ ఆసుపత్రి నర్సు దొరసాని. చిన్నప్పుడు ఆ టేకు కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, నా భుజాల మీదుగా చేతులు చాచి నా వేళ్ళు పట్టుకుని అల్లించేది. అంటే నాకు వచ్చిన నేర్పు ఎవరి వెనక ఎవరు నిలబడ్డారన్న దాని వల్ల వచ్చిందా, మా ఇంటి వల్ల వచ్చిందా? తెనాలిలో చాప మీద కూర్చుని తడబడిన పిల్లలంతా అద్దంలో చూసి నేర్చుకుంటూ తడబడ్డారా, వాళ్ళలో కొందరేనా? నేను దిద్ది చెడగొట్టినవి ఎన్ని? పదకొండు రోజుల స్వెట్టరు అల్లిన ఆ పిల్ల ఎక్కడ కూర్చునేది? చాప మీదో, నా వెనకో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మొహం గుర్తుంది, చోటు గుర్తు లేదు.

కాబట్టి ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పగలిగింది కొంచెమే. అల్లికను చూసే ముందు అల్లే చేతిని చూడండి. ఒకసారి దిద్దిన చోటే మళ్ళీ తప్పు వస్తే, అది పిల్లది కాకపోవచ్చు. సూది మీద కుట్టు ఎటు కూర్చున్నా, ఎందుకు అలా కూర్చుందో అడిగాకే తిప్పండి. ఆ పిల్ల "అంతేనేమోనండి" అంటే నమ్మకండి.

ఆ తర్వాత చేతిపనుల గదిలో పొడుగు బల్ల వేయించాను. దాని మీద నాకు ఇరుపక్కలా ఇద్దరిద్దరు పడతారు. కుర్చీ కొన్నాళ్ళు మూల ఉంది. ఇద్దరు కూర్చోవడానికి వీల్లేని కుర్చీ అది.

అమ్మకిచ్చిన మాట తప్పి, ఆ ఏడాదే అమ్మేశాను. బాపట్లలో మంగలి షాపు పెట్టుకున్న ఒకాయన కొన్నాడు. అద్దానికి ఎదురుగా వేసుకున్నాడు.